కొంగకాళ్ళ పిల్ల

మొన్న స్కూలు సెలవుల్లో జీవని తన కూతుర్ని వెంటబెట్టుకుని వెల్లింగ్టన్ నుంచి మా ఇంటికి వచ్చింది. వాళ్ళు లోపలికి వచ్చి కూర్చున్నాక మా అమ్మ గుమ్మం దగ్గర విప్పిన జోళ్ళు చూసి, "మగవాళ్ళెవరైనా వచ్చారటే?" అని నన్ను అడిగింది. పడవల్లాంటి ఆ జోళ్ళు పదకొండేళ్ళ హానావి. ఆ పిల్ల సోఫాలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకు కూర్చుంది. మొహం ఇంకా పసిదాని మొహమే, బుగ్గలు బూరెల్లా ఉన్నాయి. చేతులు మాత్రం చొక్కా చేతుల్లోంచి మణికట్టు పైదాకా బయటికి వచ్చేశాయి. కాళ్ళు ఎవరో పెద్దమనిషివి తెచ్చి అతికించినట్టున్నాయి. నడుము పోయినేడాది ఎంతుందో ఇప్పుడూ అంతే. "నువ్వూ ఆ వయసులో అచ్చం ఇలాగే ఉండేదానివి కదే" అంది అమ్మ జీవనితో. జీవని నవ్వలేదు. తర్వాత వంటింట్లో నా పక్కన నిలబడి ఉల్లిపాయలు తరుగుతూ చెప్పింది. "డాన్స్ క్లాస్ మానేసింది సుధా. మిర్రర్‌లో వియర్డ్‌గా ఉన్నానంటుంది. ఎవరూ ఏమీ అనలేదట. తనకే అనిపించిందట."

అదే వారంలో తెలుగు సంఘం తరఫున ఒక అమ్మాయి నాకు ఫోన్ చేసింది. చిన్నప్పుడు మాకు కూచిపూడి నేర్పిన వసుంధర టీచర్ గారికి ఫ్లాట్ బుష్‌లో సన్మానం పెడుతున్నారట. నేను ఆవిడ తొలి శిష్యురాళ్ళలో ఒకదాన్ని, పైగా నాలుగు పుస్తకాలు రాసినదాన్ని, కాబట్టి వేదిక మీద ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలట. నాకు క్షమాగుణం లేదు. ఉందని ఎప్పుడూ ఎవరి దగ్గరా చెప్పుకోలేదు. "మాటలు వద్దమ్మా, ఒక ఐటెం పెడతాను" అన్నాను. ఆ అమ్మాయి పొంగిపోయింది. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి జీవనిని అడిగాను, "ఆవిడ ముందు చేస్తావా?" అని. ఏది, ఎక్కడ అని కూడా అది అడగలేదు. హాల్లో ముడుచుకు కూర్చున్న కూతురి వైపు చూసి, "చేస్తా" అంది.

మేం దేశం దాటి వచ్చి పాపటోయిటోయిలో దిగినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నాన్న ఎయిర్‌పోర్టు దగ్గర వేర్‌హౌస్‌లో, అమ్మ కూరగాయల ప్యాకింగ్‌లో పని చేసేవాళ్ళు. కంచె అవతల కొరియా కుటుంబం ఉండేది. వాళ్ళకి పక్క పేట మనురేవాలో బేకరీ. ఆ ఇంటి పిల్ల పేరు జీవోన్. మా అమ్మ చెవికి అది జీవన్ అని వినబడింది. మగపిల్లాడి పేరు ఆడపిల్లకెందుకు పెట్టారని ఒక రోజంతా బాధపడి, చివరికి తనే జీవని అని మార్చేసింది. ఆ పిల్ల ఆ పేరుకే పలికేది. బేకరీ తెల్లారకముందే తెరవాలి కాబట్టి వాళ్ళమ్మ దాన్ని మా ఇంట్లో దిగబెట్టి వెళ్ళేది. మా ఇంట్లో ఇంగువ, వాళ్ళింట్లో వేయించిన నువ్వుల నూనె. ఆ రెండు వాసనల మధ్య కంచెలో ఒక పలక ఊడదీసి మేం దారి చేసుకున్నాం. కొద్ది నెలల్లోనే అది పప్పులో నెయ్యి ఎక్కువ కావాలని తెలుగులో మారాం చేయడం నేర్చుకుంది.

వాళ్ళమ్మకి పిల్ల ఎదుగుదల ఒక పూజ లాంటిది. రోజూ పొద్దున్న పక్క మీద పడుకోబెట్టి తొడల నుంచి పాదాలదాకా నిమురుతూ, చీలమండలు పట్టుకుని మెల్లిగా లాగుతూ, "చ్చూక్, చ్చూక్" అని పాటలా అనేది. అలా అంటే కాళ్ళు సాగుతాయట. మా అమ్మ అది చూసి ఆశ్చర్యపోయింది. చంటిపిల్లలకి నూనె రాసి కాళ్ళూ చేతులూ సాగదీయడం మనకీ ఉన్నదే, కానీ తొమ్మిదేళ్ళ పిల్లకి ఎవరు చేస్తారు? మోకాళ్ళు మడిచి కూర్చుంటే కాళ్ళు వంకరపోతాయని ఆవిడ దాన్ని కింద కూర్చోనిచ్చేది కాదు. ఎండుచేపలు నమిలించేది, పాలు తాగించేది, పెందరాళే పడుకోబెట్టేది. అయినా జీవని అప్పట్లో పొట్టిగా, గుండ్రంగా, పొత్రంలా ఉండేది. పెద్ద తల, పొడుగు నడుము, కురచ కాళ్ళు. పరిగెత్తితే దొర్లుతున్నట్టుండేది. వాళ్ళమ్మకి దిగులుగా ఉండేది కాబోలు, "లేటర్, లేటర్" అని తనకి తనే చెప్పుకునేది.

శనివారాలు వసుంధర ఆంటీ ఒక కమ్యూనిటీ హాల్లో కూచిపూడి నేర్పేది. నేల పాలిష్ వాసన, తడిసిన కోట్ల వాసన, మూలన గుర్రుమనే హీటరు. మేమంతా గజగజ వణుకుతూ నిలబడేవాళ్ళం. ఆవిడ మాత్రం పట్టుచీర మీద ఉన్ని కోటు తొడుక్కుని, తట్టుకర్రతో తాళం వేస్తూ కుర్చీలో కూర్చునేది. శనివారం బేకరీలో రద్దీ కాబట్టి జీవని నాతోపాటే వచ్చి మూల కూర్చునేది. ఒకరోజు ఊరికే ఉండలేక మాతోపాటు మోకాళ్ళు పక్కలకి తెరిచి అరమండిలో కూర్చుంది. ఆంటీ తాళం ఆపేసింది. "చూడండే, చూడండి! ఈ కొరియా పిల్ల కూర్చున్నట్టు మీలో ఒక్కత్తైనా కూర్చుందా? పీట వేసినట్టు లేదూ!" నిజంగానే ఆ కురచ కాళ్ళ మీద ఆ పొడుగు నడుము కదలకుండా నిలిచింది. ఎవరు తోసినా పడని బొమ్మలా ఉంది.

ఆ రోజు నుంచి జీవని ఆవిడ బొమ్మే అయింది. ఉగాదికి బాలకృష్ణుడు జీవని, దీపావళికి వామనుడు జీవని. బరువు కింద ఉండడం వల్ల ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి తరంగం చేస్తే తొణికేది కాదు. తెలుగు మాటలకి పెదవులు కదుపుతూ, గుండ్రటి బుగ్గలతో కళ్ళు తిప్పుతుంటే హాలంతా మురిసిపోయేది. పోస్టర్ల మీద దాని ఫోటోనే వేశారు. వేరే ఊళ్ళ నుంచి కూడా ఆవిడకి పిలుపులు వచ్చాయి. వెళ్ళిన ప్రతిచోటా దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నా చైనా బొమ్మ" అని చూపించేది. "కొరియా ఆంటీ" అని నేనొకసారి సరిదిద్దితే, "ఏదో ఒకటిలే" అంది. వాళ్ళమ్మ మాత్రం ప్రతి శనివారం బేకరీ నుంచి వెచ్చటి బన్నులు పంపేది. టీచర్ కనబడితే నడుము వంచి నమస్కరించేది.

పన్నెండో ఏడు వచ్చేసరికి జీవని ఒళ్ళు దాని మాట వినడం మానేసింది. ముందు పాదాలు పెరిగాయి. గజ్జెలు చీలమండకి చాలలేదు. తర్వాత అరచేతులు. ఒక్క చలికాలంలో కాళ్ళు సర్రున సాగిపోయాయి, మోకాళ్ళు పొడుచుకొచ్చాయి, పిక్కల్లో నొప్పులని మా అమ్మ చేత నూనె రాయించుకునేది. బుగ్గలు కరిగి దవడ ఎముక బయటపడింది. నడుము మాత్రం చిన్నపిల్ల నడుమే. పళ్ళెం ఎక్కితే పాదం అంచు దాటి బయటికి వచ్చేది, ఊగి పడిపోయేది. వాళ్ళమ్మ ఆనందానికి అంతులేదు. "సీ? లేటర్ కమ్!" అని మా అమ్మ చేతులు పట్టుకుని గెంతింది. నేనేమో అప్పటికే నిలువునా పెరగడం ఆగిపోయి అడ్డంగా పెరగడం మొదలుపెట్టాను. కానీ నన్ను ఎప్పుడూ వెనక వరసలోనే నిలబెట్టేవారు కాబట్టి ఎవరికీ పట్టలేదు.

ఆంటీకి పట్టింది జీవని సంగతే. ఒకరోజు క్లాసు మధ్యలో దాన్ని ముందుకు పిలిచి, నన్ను పక్కన నిలబెట్టి, తట్టుకర్రతో మా ఇద్దరి ఒళ్ళూ చూపిస్తూ పాఠం చెప్పింది. "నడుం ఇక్కడ, కాళ్ళు ఎక్కడికో! దీన్ని నాట్యానికి పాత్ర అంటారా? కొంగ అంటారు. వీళ్ళ జాతి ఒంటి తీరే అంత, చిన్నప్పుడు ముద్దుగా ఉంటారు, తర్వాత ఎటూ కాకుండా పోతారు." పిల్లలు నవ్వారు. ఆ కర్ర కొన జీవని మోకాలి దగ్గర ఆగి ఉంది. అది తల వంచుకుని తన పాదాలనే చూసుకుంటోంది. ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో, "సుధా, నా కాళ్ళు ఆగుతాయా?" అని అడిగింది. వాళ్ళమ్మ అంత కాలం మొక్కుకున్న కాళ్ళవి.

ఇదంతా మరిచిపోయేదాన్నేమో, ఆ దీపావళి లేకపోతే. తరంగం జీవనిదే అని ఆవిడ ముందే మాటిచ్చింది, రిహార్సల్స్ కూడా చేయించింది. ఆ రోజు వాళ్ళమ్మ బేకరీ మూసేసి, కొరియా పట్టు బట్టలు కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. తెర పక్కన మేమంతా సిద్ధంగా ఉన్నాం. జీవని పూర్తి అలంకారంలో, జడగంటలతో, వడ్డాణంతో నిలబడి ఉంది. ఆంటీ వచ్చి ఒకసారి పైనుంచి కిందికి చూసింది. ఏమీ అనకుండా పాపిటబిళ్ళ లాగేసింది. తర్వాత వడ్డాణం. తర్వాత పెట్టుడు జడ. ఒక్కొక్కటే తీసి పక్కన నిలబడ్డ తన కూతురు ప్రణతికి పెట్టడం మొదలుపెట్టింది. "ఆంటీ, నేను రెడీ" అంది జీవని. "పళ్ళెం మీద పడిపోతే నా పరువు పోతుంది. వెళ్ళి తెర తాడు పట్టుకో" అంది ఆవిడ. జీవని పిన్నులు ఊడి వేలాడుతున్న జుట్టుతో, నుదుటి మీద గీసుకుపోయిన గీతతో తెర తాడు పట్టుకుంది. ముందు వరసలో వాళ్ళమ్మ మెడ చాచి వెతుకుతోంది. తన కూతురు ఎందుకు రాలేదో ఆవిడకి అర్థం కాలేదు. ప్రోగ్రాం అయ్యాక కూడా టీచర్ దగ్గరికి వచ్చి ఎప్పటిలాగే వంగి నమస్కరించింది. వసుంధర ఆంటీ ఆవిడ భుజం తట్టి ఇంగ్లీషులో చెప్పింది, "వెరీ టాల్ గర్ల్. ట్రై బాస్కెట్‌బాల్."

వాళ్ళమ్మ "థాంక్యూ" అంది. నేను పక్కనే ఉన్నాను. ఆ థాంక్యూ నా కడుపులో ఇప్పటికీ అలాగే ఉంది.

మరుసటి శనివారమే మా చేతనైనది చేశాం. వాళ్ళింటి నుంచి చేపల సాసు సీసా ఒకటి తెచ్చి, ఆంటీ కొత్త కారు అద్దం కింద గాలి లోపలికి వెళ్ళే జాలీలో ఖాళీ చేశాం. ఇక్కడ దీపావళి దాటితే ఎండాకాలమే, ఆ వేసవంతా ఆవిడ అద్దాలన్నీ దించుకుని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మోటర్‌వే మీద తిరిగింది. ఇంకో ఎండాకాలం రాకముందే ఆ కారు అమ్మేసింది. అది మంచి పనే అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కానీ అది చాలదని ఆ వయసులోనే తెలుసు.

జీవని క్లాసు మానేసింది. నేను మానలేదు. నాన్న మానెయ్యమంటే ఏడ్చి గోల చేసి మరీ వెళ్ళాను. అమ్మకి శనివారం షిఫ్టు ఆలస్యంగా అయ్యేది కాబట్టి అందరూ వెళ్ళాక కూడా నేను హాల్లోనే ఉండేదాన్ని. కుర్చీలు మడతపెట్టి, నేల ఊడ్చేదాన్ని. ఆంటీ ఎవరికీ చెప్పని ఐటెంలన్నీ అప్పుడు ప్రణతికి నేర్పేది. వెనక వరస లావుపాటి పిల్ల చీపురు పట్టుకుని తిరుగుతుంటే ఆవిడ కంటికి ఆనేదే కాదు. నేను ఊడుస్తూ అడుగులు లెక్కపెట్టుకునేదాన్ని, ఇంటికి చేరేదాకా జతులు నోట్లోనే నమిలేదాన్ని. కంచె సందులోంచి నేరుగా వాళ్ళ గరాజులోకి వెళ్ళి, కిమ్చీ పచ్చడి దాచే ఫ్రిజ్ పక్కన, పిండి బస్తాల మధ్య, జీవనికి అప్పజెప్పేదాన్ని. మా అమ్మ పులిహోర కలిపే ఇత్తడి తాంబాళం ఇచ్చేసింది. ఎందుకని అడగలేదు. "నేల మీద గీతలు పడకుండా కింద చాప వేసుకోండి" అంది.

ఆ గరాజులో నేను చూసినది ఏ పుస్తకంలోనూ చదవలేదు. మనిషి ఒళ్ళు ఒక్కసారిగా పెరగదు, వంతులవారీగా పెరుగుతుంది, మిగతావి వచ్చేదాకా ముందు పెరిగినవి అనాథల్లా వేలాడుతుంటాయి. ఆ పొడుగు కాళ్ళతో అరమండి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. మోకాళ్ళు ముందుకి పడిపోయేవి, వాటిని పక్కలకి తెరవడానికే ఒక చలికాలం పట్టింది. అది కుదిరిందనుకునేసరికి నడుము లేచింది. బరువంతా పైకి వెళ్ళిపోయి తాంబాళం మీంచి మళ్ళీ పడడం మొదలుపెట్టింది. మళ్ళీ మొదటికి. తర్వాత భుజాలు వెడల్పయ్యాయి, మెడ నిలిచింది, పెద్దదనుకున్న తల ఆ ఒంటికి సరిపోయింది. వాళ్ళమ్మ ముల్లంగి తరుగుతూ మమ్మల్ని చూసేది. జీవని విసుగొచ్చి ఏడిస్తే కత్తి పక్కన పెట్టి, దాన్ని పిండి బస్తా మీద కూర్చోబెట్టి పిక్కలు నిమిరేది. పదిహేడో ఏట ఒక మధ్యాహ్నం జీవని తాంబాళం మీద చివరి చుట్టు ముగించి నిలబడితే, ఎక్కడా ఏదీ అతికించినట్టు లేదు. ప్రణతి అప్పటికి డాన్సు మానేసి సిడ్నీ వెళ్ళిపోయింది. ఆవిడ దాచిదాచి కూతురికి పోసిందంతా ఆ గరాజులో ఉంది.

జీవని తర్వాత ఫిజియోథెరపీ చదివింది, డాన్సు మాత్రం ఇంట్లో తన కోసం చేసుకుంటూనే ఉంది. వేదిక ఎక్కమంటే ఎక్కేది కాదు. "ఆవిడ ముందు అయితే ఎక్కుతా" అనేది. నేను ఆ మాట పట్టుకుని ఇన్నేళ్ళు ఉన్నాను.

సన్మానం రోజు స్కూలు ఆడిటోరియం నిండిపోయింది. ఆవిడ డెబ్బై దాటి, జుట్టంతా నెరిసి, శాలువాల మీద శాలువాలతో ముందు వరసలో కూర్చుంది, పక్కన ప్రణతి. మా అమ్మా, జీవని వాళ్ళమ్మా మూడో వరసలో, వాళ్ళిద్దరి మధ్య హానా. అందరూ ఆవిడ ఓర్పు గురించి, ప్రేమ గురించి మాట్లాడారు. నా వంతు వచ్చినప్పుడు, "టీచర్ గారు తన అమ్మాయికి తప్ప ఇంకెవరికీ ఇవ్వని తరంగం" అని మాత్రం చెప్పి పక్కకి తప్పుకున్నాను. జీవని వచ్చింది. మొదట్లో ఆంటీ తలూపుతూ కుర్చీ చేతి మీద తాళం వేసింది. పళ్ళెం మీద వెనక్కి తిరిగే చుట్టు మొదలవగానే తాళం ఆగిపోయింది. అది ఆవిడ సొంతంగా కట్టుకున్నది, లోకంలో ఇంకెవరి దగ్గరా లేనిది. చుట్టు తిరుగుతున్న ఆ పొడుగాటి కాళ్ళ వైపే ఆవిడ కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. అయిపోయాక ముందు చప్పట్లు కొట్టింది ప్రణతి.

ఆవిడ గట్టిది. కళ్ళు తుడుచుకుని, వేదిక మీదికి వచ్చి మైకు అందుకుంది. "ఈ పిల్లని నేనే కనిపెట్టాను! మూల కూర్చుంటే చెయ్యి పట్టుకుని తెచ్చాను. ఎంత అందంగా ఎదిగిందో చూడండి!" హాలంతా చప్పట్లు. ఆవిడ ఆశీర్వదించడానికి చెయ్యి చాచింది. జీవని కదలలేదు. చెయ్యి అలాగే గాల్లో ఉంది. ఆవిడ నవ్వుతూనే, "ఇది నీకెవరు నేర్పారమ్మా?" అని అడిగింది.

"మీరే ఆంటీ" అంది జీవని. "మీకు తెలియకుండా."

జనం జోక్ అనుకుని నవ్వారు. జీవని మైకు తీసుకుని తన సాదా తెలుగులో చెప్పింది. "నాకు పన్నెండేళ్ళప్పుడు మా అమ్మ ఫ్రంట్ రోలో కూర్చుంది. ఈ ఆంటీ స్టేజ్ పక్కన నా నగలన్నీ తీసేసింది. నా కాళ్ళు కొంగకాళ్ళు అంది. మా జాతి అంతే అంది. నేను తెర లాగాను. నా కాళ్ళు అప్పుడు పని మధ్యలో ఉన్నాయి, అంతే. ఆవిడ వెయిట్ చెయ్యలేదు. ఆ కాళ్ళే ఇవి." మైకు నాకిచ్చి దిగిపోయింది. ఆవిడ ప్రణతి వైపు చూసింది, ప్రణతి నేల వైపు చూసింది. మూడో వరసలో హానా మాత్రం వీపు నిటారుగా పెట్టి, కాళ్ళు బారచాపి కూర్చుంది. ఇంట్లో తల్లి నోట తెలుగు వింటూ పెరిగిన పిల్ల కాబట్టి అదే అమ్మమ్మ చెవిలో కొరియా భాషలో అంతా చెప్పింది, ఆ ముసలావిడకి అన్నేళ్ళ తర్వాత ఆ రోజు ఏం జరిగిందో అర్థమైంది. లేచి నిలబడింది. ఆవిడ ఎవరికీ వంగలేదు.

ఇప్పటి క్లాసుల్లో ఎవరూ పిల్లల ఒళ్ళు కర్రతో చూపించరు. అలా చేస్తే తల్లిదండ్రులు ఊరుకోరు, మంచిదే. అయినా ఆ కర్ర ఎక్కడికీ పోలేదు, పిల్లలు దాన్ని అద్దంలోనూ ఫోన్లలోనూ తామే పట్టుకుని తిరుగుతున్నారు. మాకు పగబట్టడానికి ఒక మనిషి ఉండేది. హానాకి ఎవరున్నారు? ఆ లెక్కన మేమే అదృష్టవంతులం అనిపిస్తుంది ఒక్కోసారి. సంఘం వాళ్ళు నాతో మాట్లాడడం మానేశారు. కొందరు పెద్దవాళ్ళు, "వయసైపోయిన మనిషమ్మా, అంత పని చేస్తారా?" అన్నారు. వయసులో ఉన్నప్పుడు ఆవిడ ఎవరి వయసు చూసిందని నేను తిరిగి అడిగాను.

కొన్ని వారాలకి ఆవిడే ఫోన్ చేసింది. గొంతు చిన్నదైపోయింది. "సుధా, ఆ అమ్మాయిని ఒక్కసారి తీసుకురావే. మాట్లాడాలి. నాకు మనసు బాగోలేదు." అడిగి చెబుతానన్నాను. జీవనికి ఫోన్ చేస్తే అది హానాని డాన్స్ క్లాసులో దింపడానికి డ్రైవ్ చేస్తోంది. విని, సిగ్నల్ దగ్గర ఆగినంత సేపు ఆలోచించి, "వద్దు అని చెప్పు. వేరే ఏం చెప్పకు" అంది. నేను టీ పెట్టుకుని, తీరిగ్గా కూర్చుని ఆవిడకి ఫోన్ కలిపాను. "రాదట ఆంటీ" అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టలేదు. ఆవిడ ఊపిరి తీస్తున్న చప్పుడు వింటూ, టీ తాగుతూ, తనంతట తనే పెట్టేసేదాకా అలాగే కూర్చున్నాను.